టైరు బయటి పక్క

మా చిన్న ట్రాక్టర్ వెనక టైర్లు రెండున్నరేళ్లకే పగిలాయి. అలాంటి టైర్లు ఏడెనిమిదేళ్లు ఆగుతాయని అందరూ అంటారు. పగుళ్లు మొదట చూసింది మా ఆయన నిరంజన్. మామిడి తోట దున్నకం అయ్యాక ట్రాక్టర్ ఎప్పటిలాగే ఇంటి ముందు ఆగింది. గాలి చూద్దామని టైరు పక్కన కూర్చున్న మనిషి ఎంతకీ లేవలేదు.

"మాలతీ, ఒకసారి గిటు రా."

బియ్యం ఏరుతున్న చేటతోనే వెళ్లాను. టైరు పక్క భాగమంతా సన్నటి గీతలు. కొన్నింటిలో గోరు దిగుతోంది. మా అత్త జములమ్మ అరుగు మీద నుంచే తొంగి చూసింది.

"నా మడిమెలు గూడ గట్లనే వగిలినయ్. నాకు కొత్తయి ఎవరేపిస్తరో" అని నవ్వింది.

నిరంజన్ నవ్వలేదు. "జయరాజూ!" అని కేకేశాడు.

జయరాజు మా డ్రైవర్. ట్రాక్టర్ ఇంటికొచ్చిన రోజు నుంచి నడిపింది అతనే. నిరంజన్‌కు నడుము నొప్పి, గంటసేపు సీటు మీద కూర్చోలేడు. ఆ చిన్న బండిని మామిడి కొమ్మల కింద నుంచి తీసుకుపోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. జయరాజు మెడ పక్కకు వంచి, ఒక చేత్తో కొమ్మ ఎత్తి పట్టుకుని, చెట్టు మొదలుకు జానెడు దూరంలో దున్నేవాడు.

అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి టైరు చూశాడు. చూడగానే అతని ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు. ఆ సంగతి నేను అప్పుడే గమనించాను. దాన్ని తప్పు చేసినవాడి ముఖం అనుకున్నాను.

"గాలి ఎంత పెడుతున్నవ్ రా?" అన్నాడు నిరంజన్.

"పెట్టాల్సినంతనే పెడుతున్న అన్నా. పదిహేను దినాలకొకసారి చూస్తున్న."

"మరి గియ్యేంది? గాలి లేకుంట తొక్కిచ్చినవ్. లేకుంటే నాకు తెల్వకుంట వీపనగండ్ల దిక్కు కిరాయిలు కొట్టినవ్."

"దేవుని తోడు అన్నా. నీకు చెప్పకుంట బండి ఊరు దాటలే."

"నీ దేవుడొచ్చి టైర్లు ఏపిస్తడా?"

ఆ రోజు మా ఇంట్లో విత్తనం పల్లి ఒలిచే ఆడవాళ్లు ఏడుగురు ఉన్నారు. టపటపమని కాయలు చిట్లే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. వాళ్లలో జయరాజు భార్య రేణుక కూడా ఉంది.

జయరాజు తల తిప్పి నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. ఒక మాట సాయం అడుగుతున్నాడనుకున్నాను. నేను చేటలోకి చూసి ఒక రాయి ఏరాను.

"రేపటి సంది రాకు" అన్నాడు నిరంజన్.

జయరాజు జేబులోంచి తాళం తీసి, నిరంజన్ చేతికి ఇవ్వకుండా సీటు మీద పెట్టాడు. స్టీరింగ్‌కు చుట్టి ఉన్న తన తువ్వాల విప్పుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెనక రేణుక చేతిలో మళ్లీ కాయ చిట్లింది. తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు.

నాకు కూడా కోపంగానే ఉంది. దాచుకోను. ఆ ట్రాక్టర్‌ను నేను చూసుకున్నట్టు ఊళ్లో ఎవరూ చూసుకోలేదు. మా దిక్కు అమాస నాడు ఎవరూ బండి కట్టరు, దున్నరు. ఎడ్లున్న రోజుల్లో ఎడ్లకు సెలవు, ఇప్పుడు ట్రాక్టర్‌కు సెలవు. ఆ రోజు పొద్దున్నే నేనే పైపు పట్టి కడిగేదాన్ని. పసుపు, కుంకుమ పెట్టి, టైర్ల ముందు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టేదాన్ని. కడిగిన టైర్లు ఆరగానే తెల్లగా, బూడిద పూసినట్టు కనిపిస్తాయి. అది నాకు నచ్చదు. అందుకని ఒక పాత చీర ముక్క డీజిల్‌లో ముంచి నాలుగు టైర్లూ తుడిచేదాన్ని. మా పుట్టింట్లో మా చిన్నాయన జీపుకు అట్లాగే చేసేవాడు. తుడిచాక టైరు నల్లగా నిగనిగలాడేది. వెనక రేకుల కొట్టం ఉన్నా బండిని ఇంటి ముందే పెట్టించేదాన్ని. బస్సు దిగి వచ్చేవాళ్లంతా చూసేవాళ్లు. "మాలతి ట్రాక్టరు ఇయ్యాలనే కొన్నట్టుంటది" అనేవాళ్లు. ఆ మాట కోసం నెలంతా ఎదురుచూసేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అంత పావురంగా, ప్రేమగా చూసుకుంటే పొలంలో ఇతను పాడు చేశాడే అనిపించింది.

ఊరికి ఎక్కువ చెప్పనక్కర్లేకపోయింది. బస్‌స్టాప్ దగ్గర హోటల్‌లో మా ఆయనకు వరసకు తమ్ముడు రాఘవేందర్ రోజూ కూర్చుంటాడు. అతనికి రెండు పెద్ద ట్రాక్టర్లున్నాయి. జయరాజు పని అడగబోతే అతను, "ఏం జయరాజూ, కల్లులకు టైరు ముక్కలు నంజుకుంటే బాగుంటదా?" అన్నాడట. హోటలంతా నవ్వారట. ఆ సాయంత్రానికి అతను టైర్ల జయరాజు అయిపోయాడు. తర్వాత ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు.

వారం తర్వాత ఒక టైరు విప్పి ఆటోలో వేసుకుని నేనూ నిరంజన్ వనపర్తి పోయాము. కంపెనీ వాళ్లు మారుస్తారేమోనని ఒక ఆశ. టైర్ల షాపు నాగేశ్ మాకు బాగా తెలిసినవాడు. టైరు దించగానే నిరంజన్ విత్తనాల మందు తెస్తానని పక్క బజారుకు వెళ్లాడు. నాగేశ్ టైరును నేల మీద పడేసి, చుట్టూ ఒకసారి నడిచి, కూర్చుని బొటనవేలితో గట్టిగా రుద్దాడు. వేలు నల్లబడింది. వాసన చూశాడు.

"అక్కా, గిది ఎవరో గాని శాన పావురంగ తుడిసిన్రు."

నేను చేతులు కొంగు కింద పెట్టుకున్నాను.

"మా నిరంజనన్న గాదు. గాయనకు గంత ఓపిక యాడిది?" అని నవ్వి, టైరును కాలితో ఎత్తి బోర్లా తిప్పాడు. లోపలి పక్కంతా మట్టి. తడిగుడ్డతో జానెడు మేర తుడిచాడు. "సూడక్కా. గాలి తక్కువైతే రెండు పక్కల పగులుతది. మడత వడేది రెండు దిక్కుల గదా. రాళ్లకైతే కోసుకుంటది, గిట్ల గీతలు రావు. మీది ఒక్క బయటి పక్కనే. లోపట కొత్త టైరు లెక్క ఉంది."

ఉంది. కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అక్కడక్కడ అట్లాగే నిలబడి ఉన్నాయి. ఒక్క గీత లేదు.

"డీజిల్ పూస్తె పూసిననాడు మెరుస్తది. గాని రబ్బరుల సారమంతా గుంజుకుంటది. దానికి తోడు ఎండ. కంపెనీవోల్లు దీన్ని తీస్కోరు."

ఎవరో పిలిస్తే అతను లేచి వెళ్లాడు. నేను ఆ టైరు దగ్గర నిలబడి ఉన్నాను. లోపలి పక్క నా గుడ్డ ఎప్పుడూ వెళ్లలేదు. అక్కడికి చెయ్యి పోవాలంటే బండి కిందికి వంగాలి. వంగినా అది ఎవరికీ కనిపించదు. నేను తుడిచింది నలుగురూ చూసే పక్క. పగిలింది అదే.

నేను వనపర్తిలోనే బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివాను. పెట్రోలియం నూనెలు తగిలితే రబ్బరు చెడిపోతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇంట్లో కుక్కర్ రబ్బరుకు నూనె చెయ్యి తగిలితే ఊరుకోను. వాకిట్లోకి వచ్చేసరికి ఆ చదువు ఏమైందో నాకు తెలియదు. అప్పుడు అంతకంటే పెద్ద సంగతి గుర్తొచ్చింది.

ట్రాక్టర్ కొన్న మూడో అమాస నాడు జయరాజు ఏదో పనిమీద వచ్చి, నేను టైర్లు తుడుస్తుంటే చూసి, "అక్కా, డీజిల్ వద్దక్కా. షోరూమోల్లు చెప్పిన్రు. సబ్బు నీళ్లు చాలు" అన్నాడు. నేను గుడ్డ పిండుతూ, "జయరాజూ, నీకు అమాసలు లేకపోతే మాకు లేవా? నువ్వు నడుపుడు చూస్కో, కడుగుడు నాకు తెలుసు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అతను ఆదివారం చర్చికి పోతాడు. పూజ నచ్చక అంటున్నాడని నా లెక్క. అతను చెప్పింది డీజిల్ గురించి. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజు వాకిట్లో అతను నా వైపు చూసింది సాయం కోసం కాదు.

నిరంజన్ తిరిగొచ్చాడు. "ఏమన్నడు?"

"ఎండకంట" అన్నాను.

నాగేశ్ దూరం నుంచి విన్నాడు. నా వైపు ఒకసారి చూసి, గాలి పైపు సర్దుకునే పనిలో పడ్డాడు. కొత్త టైర్లు రెండు కొని, పాతదాన్ని కూడా ఆటోలో వేసుకుని ఇంటికి వచ్చాము. దారంతా నేను డీజిల్ వాసన వస్తోందేమోనని చేతులు చూసుకుంటూనే ఉన్నాను.

రేణుక మాత్రం పల్లి ఒలవడానికి వస్తూనే ఉంది. గుంపుతో వస్తుంది, గుంపుతో పోతుంది, నా వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. ఇంకెవరితోనో అంటుంటే వినిపించింది. ఆదివారం ప్రార్థన కాగానే జయరాజు పుణె పోతున్నాడు, బిల్డింగు పనికి, మేస్త్రీతో మాట్లాడుకున్నాడు. మళ్లీ ఎప్పుడొస్తాడని ఎవరో అడిగారు.

"ఎందుకొస్తడు? గీడ టైర్లు అయిపోయినయ్ గదా తిననీకె" అంది రేణుక. ఎవరూ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ నిరంజన్‌కు చెప్పాను. డీజిల్ వల్లే పగిలాయని, నాగేశ్ లోపలి పక్క చూపించాడని చెప్పాను. అతను ముద్ద కలుపుతూనే అడిగాడు.

"గీ సంగతి ఎవరికి తెల్సు?"

"నాగేశ్‌కు."

"గాడు చెప్పడు." ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "నీకు తెల్వక చేసినవ్. ఎందుకు పరేషాన్ అయితవ్?"

"జయరాజు ఆదివారం పోతుండట."

"మరేం జెయ్యమంటవ్? నలుగుర్ల అన్న మాట వాపస్ తీస్కోవాల్నా? టైర్లు మా ఇంట్లదే ఖరాబ్ జేసిందని హోటల్ల చెప్పాల్నా? నీకు ఇజ్జతుందా, నాకుందా?"

గొంతు పెంచలేదు. నన్ను కాపాడుతున్నాననుకున్నాడు. తెలియక చేశావన్న మాట దగ్గర నేను అతన్ని ఆపాల్సింది. జయరాజు నాకు ముందే చెప్పాడని అనాల్సింది. చారు పోశాను, అంతే.

ఆదివారం పెత్రమాస, పెద్దలకు పెట్టుకునే అమాస. ఊళ్లో ఒక్క బండి కదల్లేదు. నేను ట్రాక్టర్‌ను సబ్బు నీళ్లతో కడిగి, పసుపు గిన్నె కోసం లోపలికి పోయి వచ్చేసరికి అత్తమ్మ డీజిల్ డబ్బా తెచ్చి పెట్టుకుని, గుడ్డతో కొత్త టైరు మీద అప్పటికే ఒక పట్టీ తుడిచింది.

"వద్దత్తమ్మా!"

"ఎందుకే? తెల్లగ కొడుతున్నయ్. నువ్వు అమాసకమాసకు జేసేదే గదా."

గుడ్డ ఆమె చేతిలోంచి లాక్కున్నాను. ఎందుకో చెప్పడానికి నోరు రాలేదు. టైరు మీద చెయ్యెడల్పు నల్లటి పట్టీ మెరుస్తోంది. సబ్బు నీళ్లు పోసి దాన్ని మూడుసార్లు కడిగాను. కొత్త టైర్లకు కొత్త డ్రైవర్ వస్తాడు. ఇంకో రెండేళ్లకు అతన్ని కూడా ఇదే వాకిట్లో నిలబెట్టి అడుగుతాము. చెప్పులు వేసుకుని బయటికి నడిచాను.

జయరాజు ఇల్లు చర్చి వెనక సందుల్లో, వాళ్ల గేరిలో. పెళ్లయి వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆ గేరిలోకి నేను పోలేదు. వాళ్లే మా ఇంటికి వచ్చేవాళ్లు. ప్రార్థన అప్పుడే అయినట్టుంది. జయరాజు తెల్ల చొక్కాతో గడప దగ్గర కూర్చుని బ్యాగు జిప్పుకు పిన్నీసు పెడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. రేణుక కుర్చీ వేయలేదు. జయరాజే తెచ్చి వేశాడు. నేను కూర్చోలేదు.

"జయరాజూ, టైర్లు పగిలింది నేను డీజిల్ పూసినందుకు. నాగేశ్ చూపించిండు."

"తెల్సక్కా" అన్నాడు.

"ఆ రోజు మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పాల్నక్కా?" పిన్నీసు వంక చూస్తూనే అన్నాడు. "నమ్మకుంటే ఒక తప్పు. నమ్మితే ఇంకో తప్పు. ఇంటామె మీద చెప్పిండంటరు."

"నన్ను క్షమించు" అన్నాను. పుస్తకంలో మాటలా ఉంది, నాకే వినబుద్ధి కాలేదు.

రేణుక అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉంది. ఇప్పుడు బయటికి వచ్చింది.

"అక్కా, మా ఇంట్ల మాకు జెప్తే ఏమొస్తది? మాకు తెల్వదా ఏంది? అన్నది హోటల్ కాడ. గాడ జెప్పు."

"రేణుకా, జర ఊకో" అన్నాడు జయరాజు.

"నేనెందుకు ఊకుంట? నువ్వు ఊకున్నందుకే గదా పుణె పోతున్నవ్."

ఆమె నా కళ్లలోకి చూసి మాట్లాడటం నెల రోజుల్లో అదే మొదటిసారి. నేను సరేనన్నాను.

అమాస కాబట్టి హోటల్ నిండుగా ఉంది. మా ఇంటి ఆడవాళ్లు ఎవరూ ఎప్పుడూ ఆ హోటల్ మెట్టు ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు, మెట్టు కింద నిలబడ్డాను. బల్ల దగ్గర రాఘవేందర్, అతని పక్కనే నిరంజన్. నిరంజన్ నన్ను చూసి, నా చేతిలో ఇంకా ఉన్న డీజిల్ గుడ్డను చూశాడు. అది పట్టుకునే ఊరంతా నడిచానని నాకు అప్పుడే తెలిసింది.

"ఏంది వదినా గిట్లొచ్చినవ్? ఇంట్ల చాయ్‌పత్త అయిపోయిందా?" అన్నాడు రాఘవేందర్.

"మా ట్రాక్టర్ టైర్లు నా వల్ల పగిలినయ్" అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినిపించింది. ఇంకోసారి గట్టిగా అన్నాను. "అమాసకమాసకు దీంతోని డీజిల్ పూసి తుడిచిన. పూసిన పక్కనే పగిలినయ్, లోపటి పక్క బాగనే ఉన్నయ్. వనపర్తిల చూపించినం. పాత టైర్లు మా వాకిట్లనే ఉన్నయ్, ఎవరన్న వచ్చి చూడొచ్చు."

ఎవరో నవ్వబోయి ఆగారు. నిరంజన్ చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు.

"తెల్వక చేసింటవ్ తియ్ వదినా" అన్నాడు రాఘవేందర్.

అక్కడితో ఆపితే సరిపోయేది. అందరూ ఆ మాట నాకు ఇచ్చేశారు, తీసుకుని ఇంటికి పోవచ్చు.

"తెల్వక కాదు. జయరాజు మొదట్లనే వద్దని చెప్పిండు. నేనే ఇనలే. ఇనకపోగా, అతని చర్చి ఎత్తి మాట అన్న. మా ఆయనకు గూడ ఈ సంగతి చెప్పలే."

నిరంజన్ తలెత్తాడు. నన్ను చూసిన చూపులో కోపం ఉంటుందనుకున్నాను. అది కోపం కాదు, అప్పుడే నన్ను చూస్తున్నట్టుంది. గ్లాసు బల్ల మీద పెట్టి, నా పక్క నుంచే మెట్టు దిగి ఇంటి వైపు పోయాడు.

"టైర్ల జయరాజని పేరు పెట్టింది నువ్వే కద రాఘవేందరూ" అన్నాను. "ఇంక ఆ పేరు నాకు పెట్టు."

అతను తల గోక్కున్నాడు. "నిన్ను గట్ల ఎట్లంట వదినా."

"అతన్నెట్లన్నవ్?"

అతను రోడ్డు వైపు చూశాడు. అప్పటికే జయరాజు, రేణుక బ్యాగుతో వచ్చి బస్‌స్టాప్ దగ్గర నిలబడి ఉన్నారు. ఎంత విన్నారో తెలియదు. రాఘవేందర్ లేచి మెట్టు మీదికి వచ్చాడు.

"ఏం జయరాజూ, గంత దూరం ఎందుకు? మా పెద్ద బండి నడుపుతవా? రేపు పొద్దుగాల రా."

జయరాజు బ్యాగు దించలేదు. "ముందుగాల గా పేరు ఇడిసిపెట్టు అన్నా. తర్వాత సూద్దాం."

"ఇడిసిపెట్టిన తియ్. వస్తవా?"

జయరాజు రేణుకను చూశాడు. రేణుక అతని చేతిలోంచి బ్యాగు తీసుకుంది. అదే జవాబు. బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

నేను వాళ్ల దగ్గరికి వెళ్లాను. అడిగే ముఖం లేకపోయినా అడిగాను. "మా ఇంటికి వస్తావా జయరాజూ?"

"రానక్కా" అన్నాడు. కోపంగా అనలేదు. బస్సు లేదని చెప్పినట్టు అన్నాడు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగాడు. "ముందటి టైర్లు గూడ జర సూస్కోన్రి. గవ్వి గూడ తుడుస్తుంటివి గద."

ఇంటికొచ్చి ముందు టైరు దగ్గర కూర్చున్నాను. తడి కొంగుతో తుడిచి, దగ్గరగా చూస్తే గీతలు ఉన్నాయి. ఇంకా గోరు దిగనివి, వెంట్రుకంత సన్నటివి. లోపలి పక్క చూడటానికి వాకిట్లో వెల్లకిలా పడుకుని బండి కిందికి జరిగాను. లోపల నున్నగా ఉంది.

"ఏంది? గవ్వి గూడ వగిలినయా?" అంది అత్తమ్మ అరుగు మీద నుంచి. "వాడు ఏ ఒక్కటన్న సక్కగ ఉంచిండా?"

లోపల టీవీ మోగుతోంది. నా అడుగుల చప్పుడు విన్నాక నిరంజన్ దాని గొంతు పెంచినట్టున్నాడు.

"జయరాజు కాదత్తమ్మా, నేను" అన్నాను.

"ఆఁ?"

బండి కింద నుంచి లేచి, టీవీ చప్పుడును దాటి వినపడేంత గట్టిగా, మొదటి అమాస నుంచి చెప్పడం మొదలుపెట్టాను.